సీసాలో 20 గ్రాములు, బస్తాలో 20 కిలోలు

2025 వానాకాలంలో తెలంగాణ పల్లెల్లో యూరియా దొరకక, తెల్లవారకముందే దుకాణాల ముందు చెప్పులను వరుసలో పెట్టి రైతులు కాచుకుని కూర్చున్న రోజుల్లో, మిర్యాలగూడ దగ్గరి మా ఊరి నుంచి మా అన్న నాకు ఫోన్ చేశాడు. సాగర్ ఎడమ కాలువ కింద మాకున్న నాలుగెకరాల వరి అప్పుడు దుబ్బు చేసే దశలో ఉంది. పైపాటుగా యూరియా వేయవలసిన అదను దాటిపోతోంది. మూడు రోజులు తిరిగాక ఒక దుకాణంలో రెండు బస్తాలు దొరికాయి గాని, బస్తాకొక నానో యూరియా సీసా కొంటేనే ఇస్తామన్నారట. వేరే దారిలేక రెండు సీసాలూ కొని తెచ్చుకున్న అన్న, "బస్తా బదులు గిదే కొట్టుకోమంటున్నరు. గీ సీసాల ఏమున్నదో జర చూసి చెప్పు తమ్మీ" అని అడిగాడు.

నేను రాజేంద్రనగర్‌లో వ్యవసాయ డిగ్రీ చదివాను. ఇప్పుడు చేస్తున్న ఉద్యోగానికి పొలంతో సంబంధం లేకపోయినా, ఇంట్లో ఏ మందు డబ్బా కొన్నా దాని మీది అక్షరాలు చదివి చెప్పే పని ఇప్పటికీ నాదే. ఆ రోజు ఫోన్‌లో చెప్పిన జవాబు తొందరలో చెప్పినది కావడంతో, తర్వాత కొన్ని నెలల పాటు ఈ విషయం మీద దొరికిన పరిశోధన పత్రాలన్నీ చదువుతూ వచ్చాను. పోషకాలనూ మందులనూ నానో కణాల, అంటే కంటికి కనబడనంత సన్నని రేణువుల రూపంలో మొక్కలోకి పంపే ఈ విద్యకు నిజమైన బలం ఉందనీ, అయితే ఆ బలం పైరుకు గ్రాముల్లో కావలసిన వాటి దగ్గర ఉందే తప్ప కిలోల్లో కావలసిన వాటి దగ్గర లేదనీ నాకు అర్థమైంది. అన్నకు చెప్పవలసిన పూర్తి జవాబును ఇక్కడ రాస్తున్నాను.

ముందు సీసా లెక్క చూద్దాం. ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో 2021లో మార్కెట్లోకి తెచ్చిన నానో యూరియా ద్రవంలో నత్రజని 4 శాతం, అంటే 500 మి.లీ. సీసాలో 20 గ్రాములు. 45 కిలోల మామూలు యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల 700 గ్రాములు. ఒక సీసా ఒక బస్తాకు సరిపోతుందని ప్రచారం జరిగింది కాబట్టి, సీసాలోని ఒక్కొక్క గ్రాము నత్రజని బస్తాలోని కిలో నత్రజని చేసే పనిని చేయగలగాలి. మామూలు యూరియాలో చాలా భాగం వృథా అవుతుందన్న మాట నిజమే. వరి మడిలో చల్లిన నత్రజనిలో పైరుకు దక్కేది మూడో వంతుకు కాస్త అటూఇటూగా ఉంటుంది. మిగిలిన దానిలో కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది, కొంత నీటితో పాటు కిందికి ఇంకిపోతుంది, కొంత నేలలోని సూక్ష్మజీవుల చేతిలో నత్రజని వాయువుగానో నైట్రస్ ఆక్సైడుగానో మారి పైకి పోతుంది. అయినప్పటికీ బస్తాలో మూడో వంతు అంటే దాదాపు 7 కిలోలు. సీసాలోని ద్రవం ఒక్క బొట్టు కూడా నేలపాలు కాకుండా మొత్తం ఆకులోకి ఇంకిందనుకున్నా పైరుకు చేరేది 20 గ్రాములే. ఈ రెండింటి మధ్య 350 రెట్ల తేడా ఉంది.

ఈ తేడాను పైరు ఎలా పూడుస్తుంది? టన్ను ధాన్యం పండించడానికి వరి పైరు సుమారు 15 నుంచి 20 కిలోల నత్రజనిని తనలోకి తీసుకుంటుంది. గింజలోని మాంసకృత్తులు, ఆకులోని పత్రహరితం, కిరణజన్య సంయోగక్రియను నడిపే ఎంజైములు అన్నీ నత్రజనితో కట్టినవే. కణం ఎంత చిన్నదైనా, ఎంత నేర్పుగా లోపలికి చేరినా, ఒక నత్రజని పరమాణువు రెండు పరమాణువుల చోటును నింపలేదు. 2024లో వచ్చిన నానో యూరియా ప్లస్‌లో నత్రజనిని 20 శాతానికి పెంచారు, అంటే సీసాకు 100 గ్రాములు. అది ముందున్న దానికన్నా ఐదు రెట్లు ఎక్కువే అయినా, బస్తా పక్కన పెట్టి చూస్తే ఇప్పటికీ 200 రెట్లు తక్కువ.

ధర విషయం కూడా చెప్పాలి. యూరియా బస్తాకు రైతు చెల్లించే ధర 266 రూపాయల 50 పైసలు, నానో యూరియా సీసాకు 225 రూపాయలు. 20 గ్రాముల నత్రజని కావాలంటే మామూలు యూరియా 43 గ్రాములు చాలు. బస్తా ధర చొప్పున లెక్క కడితే దాని విలువ సుమారు పావలా. బస్తా వెనుక ప్రభుత్వం భరించే సబ్సిడీ పెద్దదని నాకు తెలుసు, యూరియా దిగుమతుల భారం తగ్గించుకోవాలన్న ఆలోచన తప్పని నేను అనడం లేదు. కాని పొలంలో పైరు ముందు నిలబడి నిర్ణయం తీసుకోవలసిన రైతుకు ఈ పావలా లెక్కను ఎవరూ చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇక ఆకు సంగతి. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ భాగం. 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండే కణాలను నానో కణాలు అంటారు. మన తల వెంట్రుక మందం 80 వేల నుంచి లక్ష నానోమీటర్ల వరకు ఉంటుందంటే ఈ కణాలు ఎంత చిన్నవో ఊహించుకోవచ్చు. ఆకును దేవుడు పోషకాలు తాగడానికి కాదు, ఎండను పట్టుకోవడానికీ గాలి పీల్చడానికీ, లోపలి నీరు ఎండిపోకుండా కాపాడుకోవడానికీ చేశాడు. అందుకే ఆకు మీద మైనపు పూత ఉంటుంది. తామరాకు మీద నీటిబొట్టు నిలవకపోవడం మన వాళ్ళందరికీ తెలిసిన విషయమే. వరి ఆకు కూడా కొంతవరకు ఆ గుణం కలదే. మందు కొట్టేటప్పుడు ద్రావణంలో జిగురు కలుపుకోమని చెప్పేది అందుకే.

ఆ పూతలో నీటిలో కరిగిన పదార్థాలు దూరే సన్నని దారులు ఉన్నా, వాటి వెడల్పు ఒకటి రెండు నానోమీటర్ల నుంచి ఐదు లోపే. దానికన్నా పెద్ద కణాలకు మిగిలిన దారి పత్రరంధ్రాలు. అవి వేల నానోమీటర్ల వెడల్పున్న ద్వారాలే అయినా, వాటి అంచుల ఆకారం వల్లా నీటి తలతన్యత వల్లా నీరు మామూలుగా లోపలికి జారదు. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో ఐకర్ట్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2008లో ఫావా అనే చిక్కుడు జాతి మొక్క ఆకుల మీద మెరిసే ప్లాస్టిక్ కణాలతో చేసిన ప్రయోగంలో, 43 నానోమీటర్ల కణాలు పత్రరంధ్రాల గుండా లోపలికి వెళ్ళాయి గాని 1,100 నానోమీటర్ల కణాలు వెళ్ళలేదు. లోపలికి వెళ్ళినవి కూడా అన్ని రంధ్రాల గుండా కాక, కొన్నింటి గుండానే వెళ్ళాయి. లోపలికి చేరాక మొక్క జీవకణాల చుట్టూ ఉండే గోడ, కణ కవచం, అడ్డుపడుతుంది. దానిలోని సందులు ఐదు నుంచి ఇరవై నానోమీటర్ల వరకే ఉంటాయని చెబుతారు. ఇవన్నీ దాటితేనే నానో కణం, ఆకులో తయారైన ఆహారాన్ని మొక్కంతటికీ మోసే పోషక కణజాలంలోకి చేరి, వేరు దాకానో గింజ దాకానో ప్రయాణం చేయగలుగుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. నానో అనగానే మనకు చిన్నదనిపిస్తుంది. కాని నీటిలో కరిగిన మామూలు యూరియా అణువు సైజు నానోమీటరులో సగానికి అటూఇటూ. నానో యూరియాలోని కణాలు 20 నుంచి 50 నానోమీటర్లని ఉత్పత్తిదారులే చెబుతారు. అంటే యూరియా విషయంలో నానో కణం మామూలు అణువుకన్నా ఎన్నో రెట్లు పెద్దది. విద్యుదావేశం లేని చిన్న అణువు కావడం వల్ల మామూలు యూరియా ఆకులోకి సులభంగా ఇంకిపోతుందని దశాబ్దాలుగా తెలుసు. ముంపునకు గురైన పైరు మీద, బెట్టకు వాడిన పైరు మీద లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి పిచికారీ చేయమని మా నాన్న కాలం నుంచీ చెబుతున్నారు. ఎకరాకు 125 లీటర్ల నీటితో అలా కొడితే రెండున్నర కిలోల యూరియా, అంటే కిలోకు పైగా నత్రజని ఆకుల మీద పడుతుంది. అదే 125 లీటర్ల నీటిలో నానో యూరియా సీసా మొత్తం కలిపినా పడేది 20 గ్రాములే. తలుపు ముందే తెరిచి ఉన్న చోట కొత్త తాళంచెవి అవసరం లేదు.

న్యాయంగా రెండో వైపు వాదన కూడా చెప్పాలి. ఇఫ్కో తరఫున 11 వేలకు పైగా రైతుల పొలాల్లో, 94 పంటల మీద పరీక్షలు జరిగాయని, సగటున 8 శాతం దిగుబడి పెరిగిందని ఆ సంస్థ ప్రకటించింది. ఆ పరీక్షల్లో పాల్గొన్న రైతులు అబద్ధం చెప్పారని నేను అనుకోను. యూరియాను సగానికి తగ్గించి సీసా కొట్టినా ఒక పంట దిగుబడి తగ్గకపోవడానికి ఇంకో కారణం ఉండవచ్చు. మన నేలల్లో ఏళ్ళ తరబడి వేసిన ఎరువుల నిల్వా, సేంద్రియ పదార్థంలోని నత్రజనీ ఉంటాయి, చాలా చోట్ల రైతులు సిఫారసుకన్నా ఎక్కువే వేస్తున్నారు. అలాంటి నేల ఒకటి రెండు పంటలకు అప్పు ఇస్తుంది. దాన్ని సీసా గొప్పతనమని అనుకోకుండా ఉండాలంటే, సగం యూరియా వేసి సీసా కొట్టని మడిని కూడా పక్కనే పెట్టి పోల్చాలి.

లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రాజీవ్ సిక్కా, అను కాలియా, వారి సహచరులు వరి, గోధుమల్లో రెండేళ్ళ పాటు ఇలాంటి పరీక్షే చేశారు. సిఫారసు చేసిన నత్రజనిలో కొంత భాగాన్ని తగ్గించి నానో యూరియా పిచికారీ చేసిన మడుల్లో, పూర్తి నత్రజని వేసిన మడులతో పోలిస్తే వరి దిగుబడి 13 శాతం, గోధుమ దిగుబడి 21.6 శాతం తగ్గాయి. గింజలోని నత్రజని కూడా తగ్గింది. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఈ చివరి మాటే. గింజలో నత్రజని తగ్గడమంటే ఆ అన్నం తినే పిల్లల కంచంలో మాంసకృత్తులు తగ్గడమే. కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన మ్యాక్స్ ఫ్రాంక్, సోరెన్ హస్టెడ్ కూడా 2023లో, ఈ ఉత్పత్తి గురించి చెప్పిన మాటలకు వృక్ష శాస్త్రంలోనూ నేల శాస్త్రంలోనూ ఆధారం లేదని గట్టిగా రాశారు.

ఇక్కడితో ఆగి నానో అంతా వట్టిదని చెప్పేస్తే అది అన్యాయమవుతుంది. నాకు ఈ విద్య మీద నమ్మకం కలిగించిన పరిశోధన తిరుపతిలో జరిగింది. ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన తిరుపతి ప్రాంతీయ పరిశోధన స్థానంలో టి.ఎన్.వి.కె.వి. ప్రసాద్, ఆయన సహచరులు సగటున 25 నానోమీటర్ల జింకు ఆక్సైడు కణాలను తయారుచేసి వేరుశనగ మీద పరీక్షించి, 2012లో ఫలితాలు ప్రచురించారు. విత్తనాలను 1,000 పీపీఎం (లీటరుకు ఒక గ్రాము) గాఢత గల ద్రావణంతో శుద్ధి చేస్తే మొలక శాతమూ మొలకల జవమూ పెరిగాయి, పూత ముందుగా వచ్చింది. 2008–09, 2009–10 రబీ కాలాల్లో పొలంలో పైరు మీద పిచికారీ చేసినప్పుడు, మామూలుగా సిఫారసు చేసే చీలేటెడ్ జింకు (మొక్క తీసుకోగలిగేలా మరో అణువు పట్టి ఉంచిన జింకు) మోతాదులో 15వ వంతు మాత్రమే వాడి, దానికన్నా మొదటి ఏడాది 29.5 శాతం, రెండో ఏడాది 26.3 శాతం ఎక్కువ కాయ దిగుబడి సాధించారు. అదే సమయంలో గాఢతను 2,000 పీపీఎంకు పెంచితే ఎదుగుదల కుంటుపడిందని కూడా వాళ్ళే రాశారు. తమ పనిలోని హద్దును తామే చెప్పిన ఆ నిజాయితీ నాకు ఎంతో నచ్చింది.

ఇక్కడ లెక్క ఎందుకు కుదిరిందో చూడండి. ఎకరా వరి పైరు మొత్తం కాలంలో తీసుకునే జింకు 100 నుంచి 200 గ్రాముల స్థాయిలోనే ఉంటుంది. కాని ఆ కొద్ది జింకును నేల ద్వారా అందించడం కష్టం. సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో, ఎప్పుడూ నీరు నిలిచే వరి మడుల్లో, భాస్వరం ఎక్కువగా వేసిన చోట జింకు కరగని రూపంలోకి మారి మట్టికి అతుక్కుపోతుంది. అందుకే మన దగ్గర నాట్లకు ముందు ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయమంటారు. గ్రాముల్లో కావలసిన దాని కోసం కిలోలు మట్టిలో పోస్తున్నామన్నమాట. పైరు మీద లోపం కనబడితే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, ఐదేసి రోజుల ఎడంతో రెండు మూడుసార్లు కొట్టమంటారు. గాఢత మించితే ఆకు మాడుతుంది, వాన పడితే కడుక్కుపోతుంది. ఆకు మీద అతుక్కుని ఉండి, నెమ్మదిగా కరుగుతూ, రోజుల తరబడి కొద్దికొద్దిగా జింకును వదిలే కణం దొరికితే అది ఇక్కడ నిజంగా ఉపకారి. తలుపు ఇరుకైనదే అయినా, లోపలికి పంపవలసినది గుప్పెడే కాబట్టి సరిపోతుంది.

ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో, టెక్నియాన్ సంస్థలో ఆవి ష్రోడర్ అనే శాస్త్రవేత్త బృందం 2018లో ప్రచురించిన పని ఇంకో అడుగు ముందుకు వేసింది. మనుషులకు క్యాన్సరు మందులు ఇవ్వడానికి వాడే కొవ్వు పొర గోళాల్లాంటి వాటినే, లైపోసోములంటారు, మొక్కల నుంచి తీసిన కొవ్వులతో తయారుచేసి, వాటిలో ఇనుము, మెగ్నీషియం నింపి టమాటా ఆకుల మీద వేశారు. ఆ గోళాల్లో 33 శాతం వరకు ఆకులోకి చేరాయి. గోళం లేకుండా విడిగా వేసిన అణువుల్లో చేరింది ఒక శాతంకన్నా తక్కువ. అవి ఆకు నుంచి ఇతర ఆకులకూ వేళ్ళకూ ప్రయాణించి, జీవకణాల లోపల తెరుచుకుని తెచ్చిన సరుకును దించాయి. మామూలు పోషకాలతో కోలుకోని తీవ్ర లోపం ఉన్న మొక్కలు దీనితో పచ్చబడ్డాయి. మామూలు రూపంలో ఆకు లోపలికి పోలేని పదార్థానికి దారి చూపించడమే నానో వాహకం చేయగల అసలు పని అని ఈ ప్రయోగం చదివినప్పుడు నాకు స్పష్టమైంది. యూరియాకు ఆ ఇబ్బంది మొదటి నుంచీ లేదు, ఇనుముకు ఉంది.

మరి నత్రజనికి నానో వల్ల ఏ మేలూ లేదా అంటే, ఉంది, కాని ఆకు దగ్గర కాదు, మట్టి దగ్గర. శ్రీలంక నానో టెక్నాలజీ సంస్థకు చెందిన నిల్వాలా కొట్టెగొడ బృందం 2017లో, మన ఎముకల్లోనూ పళ్ళలోనూ ఉండే హైడ్రాక్సీ అపటైటు ఖనిజాన్ని నానో కణాలుగా చేసి, ఒక వంతు ఖనిజానికి ఆరు వంతుల యూరియాను అంటించింది. విడి యూరియాకన్నా ఇది 12 రెట్ల వరకు నెమ్మదిగా నత్రజనిని వదిలింది, సగం నత్రజనితోనే వరి దిగుబడి నిలిచింది. ఇక్కడ ఎరువు బరువు కిలోల్లోనే ఉంది, గ్రాముల్లోకి కుదించలేదు. తగ్గించింది వృథాను మాత్రమే. 2015 నుంచి మన దేశంలో యూరియా అంతటికీ వేపనూనె పూత వేయడంలో ఉన్న ఆలోచన కూడా ఇలాంటిదే. నత్రజని విషయంలో పరిశోధన డబ్బు ఈ దారిలో పోతే మన వరి మాగాణులకు మేలు జరుగుతుందని నా గట్టి నమ్మకం.

నానో డీఏపీని కూడా ఇదే తూకంలో పెట్టి చూడవచ్చు. 2023లో వచ్చిన ఆ సీసాలో నత్రజని 8 శాతం, భాస్వరం 16 శాతం, 500 మి.లీ.లో 40 గ్రాములు, 80 గ్రాములు. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం. పైరు మొత్తం భాస్వరం అవసరాన్ని సీసా తీర్చలేదు. అయితే విత్తన శుద్ధికి, నారు వేళ్ళను ముంచి నాటడానికి వాడినప్పుడు, మొలక తొలి రోజుల్లో వేరు పక్కనే కొద్దిపాటి భాస్వరం ఉండటం వల్ల లాభం ఉండవచ్చు. ఆ దశలో మొలకకు కావలసింది కొద్దిపాటి భాస్వరమే కదా.

పోషకాల సంగతి ఇలా ఉంటే, తెగుళ్ళ సంగతి నన్ను ఇంకా ఎక్కువ ఆకర్షించింది. మా మేనమామ వాళ్ళు ఖమ్మం వైపు మిరప వేస్తారు. 2021–22లో నల్ల తామరపురుగు వచ్చి పూతంతా రాలిపోయినప్పుడు ఆ ఇంట్లో ఉన్న నిశ్శబ్దం నేను మరచిపోలేను. మిరపకు తెల్లదోమ ద్వారా వచ్చే బొబ్బర తెగులు ఏటా ఉండేదే. వైరసు సోకిన మొక్కకు మందు లేదు, దోమకు కొట్టే మందులు ఏటేటా పనిచేయకుండా పోతున్నాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో మన దేశం నుంచి వెళ్ళిన నీనా మిట్టర్, ఆమె బృందం 2017లో బయోక్లే అనే పద్ధతిని ప్రకటించారు. వైరసు జన్యువుతో సరిపోలే రెండు పోగుల ఆర్.ఎన్.ఎ.ను (జన్యు సమాచారాన్ని మోసే అణువును) ఆకు మీద చల్లితే, మొక్క తన సహజ రక్షణ పద్ధతితో ఆ వైరసును గుర్తుపట్టి తుంచివేస్తుంది. కాని విడిగా చల్లిన ఆర్.ఎన్.ఎ. వానకు కడుక్కుపోతుంది, ఎండకు కొద్ది రోజుల్లోనే పాడవుతుంది. వాళ్ళు దాన్ని నానో మందం గల బంకమట్టి రేకుల మధ్య పెట్టారు. ఆ రేకులు గాలిలోని కార్బన్ డయాక్సైడుతోనూ తేమతోనూ నెమ్మదిగా కరిగిపోతూ, లోపలి ఆర్.ఎన్.ఎ.ను విడుదల చేస్తాయి. ఒక్క పిచికారీతో కనీసం 20 రోజుల రక్షణ కనిపించింది. 2022లో అదే బృందం అదే పద్ధతిలో తెల్లదోమను అదుపు చేయవచ్చని చూపించింది. మొక్క జన్యువును మార్చనక్కరలేదు, దోమకు తప్ప మరో పురుగుకు తగలని ఆర్.ఎన్.ఎ. వరసను ఎంచుకోవచ్చు. కావలసిన ఆర్.ఎన్.ఎ. ఎకరాకు గ్రాముల్లోనే. ఇలాంటిది మన గుంటూరు, ఖమ్మం మిరపకు ఎప్పుడు వస్తుందా అని నేను ఎదురుచూస్తున్నాను.

భద్రత గురించి ఒక్క మాట. మొక్క లోపలి గోడలను దాటగల కణం, పిచికారీ చేసే మనిషి ఊపిరితిత్తుల్లోనూ దిగగలదు, తేనెటీగ మీదా వాలగలదు, మట్టిలోని సూక్ష్మజీవుల్లోకీ చేరగలదు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2020లో నానో వ్యవసాయ ఉత్పత్తులను ఎలా పరీక్షించాలో మార్గదర్శకాలు ప్రకటించింది. అవి కాగితం మీద ఉండటం వేరు, ప్రతి ఉత్పత్తి మీదా అన్ని పంట కాలాల్లో, అన్ని నేలల్లో పరీక్షించి ఫలితాలను రైతుకు అర్థమయ్యే భాషలో బయటపెట్టడం వేరు. మా ఇంట్లో మందు కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమని నాన్నతో ఎన్నో ఏళ్ళు పోట్లాడినవాణ్ని కాబట్టి ఈ విషయంలో నేను మొండిగానే ఉంటాను.

ఆ వానాకాలం అన్న ఏం చేశాడంటే, దొరికిన రెండు బస్తాలనూ నాలుగెకరాలకూ సర్ది, మడిలో నీరు పలుచగా తీసి బురద పదునులో చల్లాడు. మిగిలిన అవసరానికి మరో వారం తర్వాత బస్తాలు దొరికాయి, కాస్త ఆలస్యమైనా పైరు నిలబడింది. కొన్న సీసాలను పారేయలేక ఒక ఎకరంలో బస్తాకు అదనంగా కొట్టాడు. దానికి పక్కన పోల్చడానికి ఏ మడినీ విడిగా ఉంచలేదు కాబట్టి దాని వల్ల ఏమైందో నేను ఏమీ చెప్పలేను.

2024లో కేంద్రం నానో జింకు, నానో రాగి ద్రవాలకు కూడా ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద అనుమతి ఇచ్చింది. మా పొలంలో కాలువ గట్టు పక్కనున్న మడిలో ఏటా నాటిన మూడు నాలుగు వారాలకు ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి, జింకు లోపమని అన్నకు తెలుసు. వచ్చే యాసంగిలో ఆ మడిని మూడు ముక్కలుగా చేసి, ఒకదానిలో ఎప్పటిలాగే జింకు సల్ఫేటు, ఒకదానిలో నానో జింకు కొట్టమని, మూడోదాన్ని ఏమీ కొట్టకుండా వదిలేయమని అడిగాను. మూడో ముక్కను వదలడానికి అన్న మొదట ఒప్పుకోలేదు, పైరు పాడవుతుందని. నాలుగు సెంట్లే వదులు, నష్టం నేనిస్తానని చెబితే ఒప్పుకున్నాడు. హద్దులకు పాతడానికి వెదురు కర్రలు కూడా కొట్టి పెట్టాడు. కోత రోజున మూడు ముక్కల ధాన్యాన్నీ విడివిడిగా తూచడానికి నేను ఊరికి వెళ్తాను.